తోట బొంత సవాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కుట్టుపని మీద ఇష్టమున్నవాళ్లు పదిమంది చేరి, ‘తోట’ అనే ఒకే అంశం తీసుకుని, తలా ఒక బొంత కుట్టి ఒకేరోజు పక్కపక్కన వేలాడదీయాలనుకున్నప్పుడు వచ్చే సందేహాలివి. ప్రతిసారీ దాదాపు ఇవే వస్తాయి కాబట్టి ఒకచోట పెట్టాం. వేరేగా చెప్పకపోతే లెక్కలన్నీ 24 అంగుళాల చదరం గోడ బొంతకు. ఏ ప్రశ్న దగ్గరి నుంచైనా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఈ సవాలులో అసలు ఏం చెయ్యాలి?

అందరికీ ఒకే థాను నుంచి కోసిన అర మీటరు గుడ్డ ఇస్తారు. దాన్ని సవాలు గుడ్డ అంటాం. అది బొంత ముందువైపు కనబడాలి, అంశం తోట అయి ఉండాలి, కొలత అందరిదీ ఒకటే ఉండాలి. మిగతాదంతా మీ ఇష్టం. మొదటి సమావేశంలోనే మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: సవాలు గుడ్డ కనీసం ఎంత కనబడాలి, కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారు (అర అంగుళం న్యాయం), ఎవరికైనా డబ్బిచ్చి మిషను కుట్టు వేయించుకోవచ్చా లేదా. చివరి వారంలో వచ్చే మనస్పర్థలకు ఈ మూడూ రాసుకోకపోవడమే మూలం.

బొంతంటే పాత చీరల బొంతే కదా? క్విల్ట్ అంటే వేరేనా?

రెండింటికీ ఎముకలు ఒకటే. పైపొర, నడిమి పొర, అడుగుపొర, మూడింటినీ పట్టి ఉంచే కుట్టు. మన బొంతలో పాత చీరల మడతలే మూడు పొరలూ అవుతాయి, బారు కుట్టు వాటిని కలుపుతుంది. క్విల్ట్‌లో పైపొరను ముక్కలు అతికి బొమ్మగా తయారుచేస్తారు, నడుమ దూది పొర పెడతారు. సవాలుకు ఏ పద్ధతైనా సరే. పాత నేత చీరల మీద దగ్గర దగ్గరగా బొంత కుట్టు వేసి, దానిమీద పూలు అతికిన పనికి దుకాణంలో కొన్న దూది పొర ఇవ్వలేని మెత్తదనం ఉంటుంది. వీలుంటే ఒక్కసారైనా అలా కుట్టి చూడండి.

తోటంటే ఏ తోట? గులాబీలు, తులిప్‌లు వెయ్యాలా?

తులిప్ మన ఊళ్లో పూయదు. చూడని పువ్వును కుడితే ఎవరో గీసిన బొమ్మకు నకలే అవుతుంది. మీ పెరడు చాలు: తులసికోట, కరివేప, మందారం, గోడ మీద పాకిన బీరతీగ, మూలన అరటి, డాబా మీద పెయింటు డబ్బాల్లో పెరిగే బంతి. ఇంకాస్త బయటికి వస్తే సింహాచలం సంపెంగ ఉంది, సముద్రం ఒడ్డున సరుగుడు తోపుంది, జీడిమామిడి ఉంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల రంగు మీ తోటకు మంచి నేల అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పడగొట్టిన చెట్ల చోట లేచిన చిగుళ్లు కూడా తోట అంశమే.

పువ్వును కుట్టేముందు చేతిలోకి తీసుకుని చూడండి. మందారానికి ఐదు రేకులు, మధ్యలోంచి పొడుచుకొచ్చిన కేసరాల కాడ. ఆ కాడ లేకపోతే అది మందారంలా కనబడదు. కాగితం పువ్వులో మనం రేకులనుకునే మూడూ నిజానికి రంగు ఆకులు. అసలు పువ్వు లోపల తెల్లగా, చిన్నగా ఉంటుంది. అందుకే మూడు ఆకు ఆకారాలు, మధ్యన తెల్లదారం ముడి వేస్తే కాగితం పువ్వు వచ్చేస్తుంది. ఒంటిరెక్క నందివర్ధనం రేకులు గాలిమరలా ఒకే వైపు తిరిగి ఉంటాయి. సంపెంగవి సన్నగా, పొడవుగా, మొన తేలి ఉంటాయి.

పెరడంతా ఒకే బొంతలో పట్టించాలని చూడకండి. ఒక మూల, ఒక వేళ ఎంచుకోండి. సాయంత్రం మల్లెపందిరి, వాన వెలిసిన అరటాకు, అలాంటిదొకటి చాలు.

బొమ్మ గీయడం రాదు. నేను చేరొచ్చా?

చేరొచ్చు. ఆకును కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పితే అదే నమూనా. లేదంటే ఫోనులో ఫొటో తీసి, నెట్ సెంటరులో ఏ4 కాగితం మీద అచ్చు తీయించి, కిటికీ అద్దానికి ఆనించి బయటి గీత మాత్రం దించుకోండి. ఒక పువ్వుకు ఏడు ముక్కలు దాటకుండా చూసుకోండి. అర అంగుళం కన్నా సన్నగా వచ్చే భాగాలను గుడ్డతో కాక దారంతో వెయ్యండి.

ఎన్నాళ్లు పడుతుంది?

రోజుకు గంట చొప్పున కూర్చునేవాళ్లకు ఎనిమిది వారాలు సరిపోతాయి. నమూనాకు, గుడ్డలు ఉతికి పెట్టుకోవడానికి ఒక వారం, పైపొరకు నాలుగు, పొరలు కలిపి కుట్టడానికి రెండు, అంచుకు, వెనుక కర్ర దూర్చి వేలాడదీసే గుడ్డ గొట్టానికి, పేరు చీటీకి ఒకటి. గుడ్డముక్కను మరో గుడ్డ మీద పెట్టి చేత్తో అంచు మడిచి కుట్టే అప్లిక్‌లో అరచేయంత పువ్వుకే రెండు మూడు గంటలు పోతాయి. అలాంటి పూలు ఐదుకు మించితే వారాలు పెంచుకోండి, లేదా పూలు తగ్గించుకోండి. అంచు పనిని చివరి రాత్రికి మిగల్చకండి. ముందుగా కళ్లు పడేది దానిమీదే.

తలా ఒకటి కాకుండా అందరం కలిసి ఒకే బొంత కుట్టాలంటే?

పన్నెండు మందైతే లెక్క చక్కగా కుదురుతుంది. ఒక్కొక్కరు 12½ అంగుళాల చదరం ఇస్తారు (కుట్టాక 12 అవుతుంది). అడ్డం మూడు, నిలువు నాలుగు పేర్చి, నడుమా చుట్టూ 2 అంగుళాల పట్టీ వేస్తే బొంత 44 × 58 అంగుళాలు వస్తుంది. పట్టీలను 2½ అంగుళాల వెడల్పున కోయాలి. 12½ పొడవువి 16, 44½ పొడవువి 5 కావాలి. పట్టీ గుడ్డ 1¼ మీటరు తీసుకుని నిలువుదారం వెంట కోస్తే పొడుగు పట్టీలకు అతుకు పడదు. అడుగుకు 58 అంగుళాల పన్నా గుడ్డ 1¾ మీటర్లు, బైండింగుకు (బొంత అంచు చుట్టూ మడిచి కుట్టే పట్టీకి) అర మీటరు.

చదరాలు అందరివీ ఒకే కొలతకు రావు. అందుకని అందరినీ 13 అంగుళాలకు కుట్టి తెమ్మని, కోత పని ఒక్కరికే అప్పగించండి. ఆ ఒక్కరు ఒకే స్కేలుతో 12½కు కోస్తారు. పువ్వు మొనలు అంచు నుంచి కనీసం ముప్పావు అంగుళం లోపలే ఉండాలని ముందే చెప్పకపోతే ఈ కోతలో రేకులు తెగిపోతాయి.

## గుడ్డలు

మొత్తం ఎంత గుడ్డ కొనాలి?

44 అంగుళాల పన్నా లెక్కన: వెనుక రంగుకు (పైపొరలో పూల వెనకాల కనబడే గుడ్డకు) 75 సెం.మీ., అడుగుపొరకు 80 సెం.మీ., బైండింగుకు 25 సెం.మీ., ఆకులకు ఐదు రకాల పచ్చలు 20 సెం.మీ. చొప్పున, పూలకు ఇంట్లో ఉన్న జాకెట్టు ముక్కలు. అడుగుపొర కోయగా మిగిలిన పక్కముక్కలోంచే వేలాడదీసే గొట్టం వస్తుంది. 36 పన్నా గుడ్డయితే ఆ ముక్క మిగలదు, పావు మీటరు అదనంగా తీసుకోండి.

ఏ గుడ్డ మంచిది? మ్యాచింగ్ సెంటరులో టూ బై టూ అంటున్నారు, పాప్లిన్ అంటున్నారు.

వంద శాతం నూలై, మధ్యరకం మందం ఉంటే ఏదైనా సరే. పాప్లిన్, కేంబ్రిక్ కోయడానికి సులువు, మడత నిలుస్తుంది. టూ బై టూ నూలుది రంగుల్లో బాగా దొరుకుతుంది, కాకపోతే పల్చన. లేతరంగు టూ బై టూ కింద ముదురు గుడ్డ ఉంటే నీడ కనబడుతుంది, అందుకని రెండు పొరలుగా వాడండి. పాలియెస్టర్ కలిసిన లైనింగు గుడ్డ వద్దు. ఇస్త్రీ మడత నిలవదు, అప్లిక్ అంచు విచ్చుకుంటుంది. అనుమానముంటే ఒక పోగు లాగి కాల్చి చూడండి: నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

వెనుక రంగుకు పొందూరు ఖాదీ వాడాలనుకునేవాళ్లు ఉన్నారు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి వడికే ఆ సన్ననూలు గుడ్డ మీద తెల్లని పువ్వు కూడా మెరుస్తుంది. అయితే అది పల్చగా, వదులుగా ఉంటుంది. వెనకాల మల్ (పల్చని నూలు) గుడ్డ ఒక పొర వేసి, రెండూ కలిపి టాకాలు వేసుకుని అప్పుడు పని మొదలుపెట్టండి.

రంగు దిగుతుందో లేదో ఎలా తెలుస్తుంది? ఉప్పునీళ్లలో నానబెడితే సరిపోదా?

ఉప్పునీళ్లు రంగును ఆపవు. అద్దకం వేసేటప్పుడు నూలు రంగును పీల్చుకోవడానికి ఉప్పు సాయం చేస్తుంది. అద్దకం అయిపోయిన గుడ్డలో వదులుగా మిగిలిన రంగును అది పట్టి ఉంచలేదు. చేయవలసింది పరీక్ష. ప్రతి గుడ్డ నుంచి 2 అంగుళాల ముక్క కోసి, తెల్ల నూలుముక్కతో కలిపి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి అరగంట ఉంచండి. తర్వాత రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి తడిగానే ఆరనివ్వండి. తెల్లముక్కకు రంగు అంటితే ఆ గుడ్డను నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. నాలుగు ఉతుకుల తర్వాతా అంటుతుంటే పక్కన పెట్టేయడం మేలు. ఎరుపు, ముదురు నీలం, మెరూన్, నలుపు తప్పకుండా చూడండి.

పెడన కలంకారీ అచ్చులు తోట అంశానికి చాలా బాగా కుదురుతాయి, తీగలూ పూలూ అందులోనే ఉంటాయి. కానీ మొదటి ఉతుకుల్లో వాటి రంగు కొంత దిగుతుంది, విడిగా ఉతకండి.

ఇచ్చిన సవాలు గుడ్డ నాకు అస్సలు నచ్చలేదు. ఏం చెయ్యాలి?

ముందు తిరగేసి చూడండి. అచ్చుగుడ్డ వెనుకవైపు తరచూ మెత్తని, వెలిసిన రంగులో ఉంటుంది. నీడలో ఉన్న ఆకులకు అదే సరైన రంగు. అచ్చు పెద్దదైతే 1½ అంగుళాల ముక్కలుగా కోసేయండి. ఆ కొలతలో బొమ్మ పోయి రంగు మాత్రం మిగులుతుంది. అది పట్టైతే, జారే గుడ్డైతే వెనుక పల్చని ఇస్త్రీ బక్రం (గుడ్డను గట్టిపరిచే పొర) అంటించి కోయండి, పోగులు ఊడవు. మట్టికుండీగానో, కంచెగానో, నేలగానో పెడితే గుడ్డ కనబడుతుంది, పువ్వుతో పోటీ పడదు. మొత్తం బైండింగులో దాచేయడం మాత్రం వద్దు, చాలా బృందాలు దాన్ని లెక్కలోకి తీసుకోవు.

ఆకులన్నీ ఒకే ముద్దలా కనిపిస్తున్నాయి. ఐదు పచ్చలు వాడాను కదా?

ఐదూ ఒకే ముదురు ఉన్నాయి, అంతే. కంటికి రంగు కన్నా ముందు వెలుగునీడల తేడా అందుతుంది. ముక్కలన్నీ నేల మీద పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండు ముక్కలు ఫొటోలో ఒకే బూడిదరంగులో వస్తే అవి పక్కపక్కన కలిసిపోతాయి. లేత అరటి చిగురు పచ్చ ఒకటి, కరివేపాకు ముదురు ఒకటి తప్పకుండా ఉండాలి. మిగతావి నడుమ. ఇంకో చిట్కా: ఒక పచ్చ తీసేసి దాని స్థానంలో పసుపు కలిసిన గోధుమరంగు, లేదా నీలిబూడిద పెట్టండి. నిజమైన తోటలో ఎండుటాకులుంటాయి. తోట బొంతలు చప్పగా రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ వెలుగునీడల లోపమే. కుట్టు ఎంత సన్నగా ఉన్నా దీన్ని కప్పలేదు.

నడిమి పొరగా ఏం పెట్టాలి? విశాఖలో దొరికేదేంటి?

సోఫా, పరుపుల సామాన్లు అమ్మే దుకాణాల్లో పాలియెస్టర్ వ్యాడింగ్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. గోడ బొంతకు చదరపు మీటరుకు 100 గ్రాముల బరువున్నది, అంటే 100 జీఎస్‌ఎం చాలు. 200 దాటితే మామూలు మిషను కింద దూరడం కష్టం, మూలలు గుండ్రంగా వస్తాయి. దానిమీద వేడి ఇస్త్రీ నేరుగా పెడితే కరిగి అతుక్కుపోతుంది. ముదురు పైపొరలోంచి తెల్లపోగులు పైకి రావడం కూడా దీనితో ఉన్న ఇబ్బందే. నలుపు వెనుక రంగు అయితే ఫ్లానెల్ గుడ్డ ఒక పొర వాడండి, పల్చగా, నిటారుగా వేలాడుతుంది.

పాత నేత చీర కూడా మంచి నడిమి పొరే. జరీ, గట్టి అంచు కత్తిరించేసి మూడు నాలుగు మడతలు వేస్తే సరి. ఏకిన దూది పరిచి కుట్టాలంటే 2 అంగుళాలకొక కుట్టు గీత పడాలి. లేకపోతే ఉతికినప్పుడు దూది ఉండలు కడుతుంది.

## పైపొర

మిషను పాదం అంచు వెంట కుడుతున్నా ముక్కలు కలవడం లేదు. ఎందుకు?

ముక్కలు కలిపే కుట్టు గుడ్డ అంచు నుంచి పావు అంగుళంలో పడాలి. మామూలు మిషను పాదం అంచు సూది నుంచి సరిగ్గా పావు అంగుళం ఉండదు, ఒక నూలుపోగంత ఎక్కువ ఉంటుంది. పరీక్షించడానికి 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి. నడిమి పట్టీ సరిగ్గా 1 అంగుళం రావాలి. తక్కువ వస్తే మీ కుట్టు లోపలికి పోతోంది. పదహారో వంతు తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ అది కుట్టుకు రెండువైపులా పోతుంది కాబట్టి ఒక్కో కుట్టుకు ఎనిమిదో వంతు, నాలుగు ముక్కల వరుసలో మూడు కుట్లకు ముప్పావులో సగం పోతుంది. సరైన చోటు దొరికాక మిషను పలక మీద పాత ఏటీఎం కార్డు ముక్కను టేపుతో అంటించండి. గుడ్డ దానికి ఆనుకుని నడుస్తుంది.

కోత కూడా చూసుకోండి. కత్తెరతో ఒకేసారి నాలుగు మడతలు కోస్తే కింది ముక్క పెద్దదవుతుంది. రెండు మడతలు చాలు.

చామంతి రేకులన్నీ గుండ్రంగా కలిపాను, మధ్యలో గిన్నెలా ఉబ్బింది.

రేకులను చక్రంలా కలిపే ఈ అమరికను డ్రెస్డెన్ ప్లేట్ అంటారు. 20 రేకులైతే ఒక్కోటి 18 డిగ్రీలు, 16 అయితే 22½. చక్రం గిన్నెలా లేచిందంటే కుట్లు లోపలికి పడి రేకులు సన్నబడ్డాయి. చివరి రెండు రేకుల మధ్య అంచులు అలలుగా ఎక్కువైతే కుట్లు బయటికి పడ్డాయి. మొత్తం విప్పక్కర్లేదు. ఎదురెదురుగా ఉన్న నాలుగు కుట్లు విప్పి, ఒక్కో దారమంత సరిచేయండి. ఇకముందు పావు చక్రం కుట్టగానే కాగితం మూలకు ఆనించి చూడండి, సరిగ్గా లంబకోణం రావాలి. మధ్యలోని రంధ్రానికి గుండ్రటి పసుపు ముక్క అతికితే చిన్న తేడాలు దానికింద పోతాయి.

ఆరు మూలల ముక్కలతో చేసే పూలతోట చేత్తోనే కుట్టొచ్చట. ఎలా?

అమెరికాలో 1920, 30లలో ఇంటింటా కుట్టిన ‘అమ్మమ్మ పూలతోట’ అమరిక అది. మధ్యలో ఒక షడ్భుజి, చుట్టూ ఆరు: మొత్తం ఏడు ముక్కలకు ఒక పువ్వు. ఇంకో వరుస ఆకుపచ్చ వేస్తే 19. భుజం 1 అంగుళం ఉన్న షడ్భుజితో ఏడు ముక్కల పువ్వు దాదాపు 5 అంగుళాలు, 19 ముక్కలది ఎనిమిదిన్నర వస్తుంది.

కాగితం నమూనాలకు పాత శుభలేఖలు పనికొస్తాయి. మరీ మందపాటివి వద్దు, సూది వంగుతుంది. గుడ్డను చుట్టూ పావు అంగుళం ఎక్కువ కోసి, కాగితం మీదికి మడిచి మూలల దగ్గర టాకా వేయండి. రెండు ముక్కలను మంచివైపులు ఎదురుగా పెట్టి, అంచు మడత మీద రెండు మూడు పోగులే పట్టేలా అంగుళానికి 12 కుట్లు వేయండి. కాగితాన్ని కుట్టులో పట్టిస్తే తర్వాత బయటికి రాదు. చుట్టూ అన్ని పక్కలా ముక్కలు కలిశాకే మధ్య కాగితం తీయాలి. ఆర్టీసీ బస్సులో కూర్చుని కూడా సాగే పని ఇది.

తీగలు వంపు తిరగట్లేదు, లోపలివైపు ముడతలు పడుతున్నాయి.

నిలువుదారం వెంట కోసిన పట్టీ వంగదు. క్రాసు పట్టీ కావాలి: గుడ్డను 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి. 10 అంగుళాల చదరం నుంచి 1 అంగుళం పట్టీలు అన్నీ కలిపి దాదాపు 80 అంగుళాలు వస్తాయి. పట్టీని మూడు మడతలుగా ఇస్త్రీ చేస్తే సన్నని కాడ తయారు. కుట్టేటప్పుడు ముందు లోపలి వంపు కుట్టి, తర్వాత బయటి వంపును కాస్త సాగదీస్తూ కుట్టాలి. ఈ వరుస తిరగబడితేనే ముడతలు.

అప్లిక్ చుట్టూ పోగులు ఊడుతున్నాయి. బక్రం వేస్తే ఆగుతుందా?

మామూలు బక్రం గుడ్డను గట్టిపరుస్తుంది గాని అంచును పట్టుకోదు. రెండు మార్గాలున్నాయి.

ఒకటి, రెండువైపులా జిగురుండే ఇస్త్రీ పొరతో అంటించి, చుట్టూ కాజా కుట్టో, మిషను జిగ్‌జాగో వేయడం. త్వరగా అవుతుంది. బొమ్మను ఆ పొర కాగితం మీద తిరగేసి గీయాలి, లేకపోతే ఎడమకు వంగిన పువ్వు కుడికి వంగుతుంది. పెద్ద ముక్కల్లో జిగురు పొర లోపలిభాగం కోసేసి అంచుకు అర అంగుళమే ఉంచితే గుడ్డ అట్టలా బిగుసుకోదు.

రెండోది అంచు మడవడం. అట్టముక్కతో నమూనా చేసి, గుడ్డను పావు అంగుళం ఎక్కువ కోసి, అంచుకు చిక్కని గంజి రాసి, అట్ట మీదికి మడుస్తూ ఇస్త్రీ చేయండి. గంజి ఆరాక అట్ట తీసినా మడత నిలుస్తుంది. లోపలి వంపుల దగ్గర మడతకు దారమంత దూరం వరకు కత్తెర గాటు పెట్టండి, బయటి వంపులకు అక్కర్లేదు. పని పూర్తయ్యాక గంజి తప్పకుండా ఉతికేయాలి. లేదంటే బొద్దింకలు, వెండిపురుగులు గుడ్డను కొరుకుతాయి.

మల్లెమొగ్గలు, కనకాంబరాల్లాంటి సన్న పూలు ఎలా?

దారంతో. ఆరు పోగుల యాంకర్ దారంలో రెండు పోగులు విడదీసి వాడండి. మల్లెమొగ్గకు లేజీ డైజీ (ఒంటి గొలుసు కుట్టు), కాడలకు కాడకుట్టు, కేసరాలకు ఫ్రెంచ్ నాట్ (దారం ముడి కుట్టు). ముద్దబంతికైతే మూడున్నర అంగుళాల గుండ్రటి ముక్క అంచు మడిచి, చుట్టూ బారు కుట్టు వేసి లాగండి. అంగుళన్నర ముడతల పువ్వు వస్తుంది. కుట్లు పెద్దవిగా ఉంటేనే మధ్య రంధ్రం బాగా మూసుకుంటుంది.

## పొరలు కలిపి కుట్టడం

వెనుకవైపు మడతలు పడుతున్నాయి. ఎంత జాగ్రత్తగా పరిచినా ఇంతే.

అడుగుపొర బిగుతుగా లేకపోవడమే కారణం. గచ్చు నేల మీద అడుగుపొరను మంచివైపు నేలకు ఉండేలా పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించండి. ఎదురెదురుగా లాగుతూ ముందు మధ్యలో, తర్వాత మూలల్లో. సాగదీయొద్దు, ముడత పోతే చాలు. కొలతలు ఇలా తగ్గుతూ రావాలి: అడుగు 28 అంగుళాలు, నడిమి పొర 27, పైపొర 25½. పైన రెండూ పరిచాక మధ్య నుంచి బయటికి నాలుగు అంగుళాలకొకటి పిన్నీసు, లేదా అడ్డం నిలువు టాకాల వరుసలు వేయండి. అప్లిక్ చేసిన వెనుక గుడ్డను మొదట 27కు కోసి, పూలు కుట్టాక 25½కు దిద్దుకోవాలి, పూల కుట్టుకే అది కొంత ముడుచుకుంటుంది. క్విల్టింగు కుట్టుకు ఇంకాస్త ముడుచుకుంటుంది. ఆఖరున కచ్చితంగా 24కు కోస్తాం.

మా ఇంట్లో ఉన్నది తొక్కుడు మిషను. దానిమీద మూడు పొరలు కుట్టొచ్చా?

భేషుగ్గా. తొక్కుడు మిషను నిదానంగా నడుస్తుంది, గీత తప్పదు. పాదం కడ్డీ పైనున్న మరను వదులు చేసి ఒత్తిడి తగ్గించండి, లేకపోతే పైపొర ముందుకు తోసుకొచ్చి గీతల మధ్య బుడగలు కడుతుంది. 14 నంబరు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. మొదటి గీత బొంత నడుమ, తర్వాత అటూ ఇటూ. అన్ని గీతలూ ఒకే వైపు నుంచి మొదలుపెట్టండి. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి కుడితే గుడ్డ ఏటవాలుగా మెలి తిరుగుతుంది.

చేత్తో అయితే పొట్టి సన్న సూది, అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు. బొంత కుట్టు తరహాలో మందపు దారంతో అంగుళానికి నాలుగు వేసినా అందమే. కుట్లు సమానంగా ఉండాలి, అదే ముఖ్యం.

ఏ గీతలు కుట్టాలి?

పూల చుట్టూ పావు అంగుళం దూరంలో ఒక గీత వేస్తే పువ్వు లేచి కనబడుతుంది. వెనుక రంగులో గాలికో, వానకో తగ్గ గీతలు వేయండి. వానకు ఏటవాలు గీతలు, నేలకు అడ్డగీతలు. పువ్వు చుట్టూ కిక్కిరిసి కుట్టి అంచుల్లో వదిలేస్తే బొంత మధ్య ముడుచుకుని అంచులు అలలవుతాయి. సాంద్రత అంతటా దగ్గరదగ్గరగా ఉండాలి.

గీతలు గీయడానికి అరిగిన సబ్బుముక్క, దర్జీ చాక్ చాలు. గాలికి ఆరిపోయే ఊదారంగు పెన్ను మన ఉక్కలో కొన్ని గంటల్లోనే మాయమవుతుంది, ఒక్కసారికి కుట్టగలిగినంతే గీయండి. నీళ్లతో పోయే నీలి పెన్ను గీత మీద ఇస్త్రీ పెట్టకూడదు, వేడికి గీత శాశ్వతమైపోతుంది.

## అంచు, వేలాడదీయడం

చుట్టూ వేసిన బోర్డరు అలలుగా వస్తోంది.

పట్టీని అంచు వెంట పరుచుకుంటూ కుట్టి, చివర మిగిలింది కోసేస్తే అలానే వస్తుంది. కుట్టేటప్పుడు అంచు సాగుతుంది, పట్టీ ఆ సాగిన కొలత తీసుకుంటుంది. పైపొరను నడుమ, పైన, కింద మూడు చోట్ల కొలిచి, సగటు పొడవుకు పట్టీ ముందే కోసుకోండి. మధ్యలు, చివరలు పిన్నీసు చేసి కుట్టండి.

బైండింగు మూలలు మొనతేలడం లేదు.

2½ అంగుళాల పట్టీని నిలువునా రెండుగా మడిచి, పావు అంగుళం కుట్టుతో ముందువైపు కుట్టండి. మూలకు పావు అంగుళం ముందే ఆగి, దారం తెంపండి. పట్టీని పైకి 45 డిగ్రీల మడత వచ్చేలా తిప్పి, మళ్లీ కిందికి దించి, అంచు నుంచి కుట్టు మొదలుపెట్టండి. పావు అంగుళం ముందు ఆగకుండా చివరిదాకా కుట్టడమే మూల మొద్దుబారడానికి కారణం. 24 అంగుళాల బొంతకు మూడు పట్టీలు కలిపితే సరిపోతుంది. అతుకును ఏటవాలుగా వేయండి, నేరుగా వేస్తే అక్కడ గుబ్బ కడుతుంది.

గోడకు ఎలా వేలాడదీస్తారు? మూలల్లో రింగులు కుడితే చాలా?

రింగుల మధ్య బొంత జోలెలా వేలాడుతుంది. వెనుక పైభాగాన గుడ్డ గొట్టం కుట్టాలి. 9 × 23 అంగుళాల ముక్క చివరలు మడిచి కుట్టి, నిలువునా గొట్టంలా కలపండి. పై అంచును బైండింగు కిందికి, కింది అంచును అడుగుపొరకు మాత్రమే పట్టేలా చేత్తో కుట్టండి. కింది అంచు కుట్టేముందు గొట్టం బయటివైపు (గోడ వైపు) అర అంగుళం వదులుగా ఉండేలా జరపండి. ఆ వదులు లేకపోతే కర్ర దూర్చగానే ముందువైపు ఉబ్బు కనబడుతుంది. పరదా కడ్డీ చాలు. ఎండ నేరుగా పడే గోడ వద్దు, మొదట వెలిసేది ఎరుపు.

వెనుక చీటీ మీద ఏం రాయాలి?

పేరు, ఊరు, పూర్తయిన నెల, సంవత్సరం, సవాలు అంశం, వాడిన గుడ్డలు, ఉతికే పద్ధతి. తెల్ల గుడ్డ మీద చెరగని పెన్నుతో రాసి ఇస్త్రీ చేసి కుట్టండి. ఎవరిదైనా పాత చీర ముక్క అందులో ఉంటే ఆ మాట కూడా రాయండి. ముప్పై ఏళ్ల తర్వాత బొంతను విప్పి చూసేవాళ్లు వెతికేది అదే.

## సముద్రపు గాలి, వాన, ఉతుకు

పిన్నీసులు తీశాక గుడ్డ మీద తుప్పు మచ్చలు పడ్డాయి.

ఉప్పుగాలికి ఇనుప పిన్నీసు వారంలోనే తుప్పు పట్టొచ్చు. బొంతలో సూది, పిన్నీసు గుచ్చి వదిలేయకండి. పని ఆపాల్సివస్తే టాకాలు వేసి పిన్నీసులు తీసేయండి. తెల్లగుడ్డ మీది మచ్చకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి కడిగితే తగ్గుతుంది. రంగు గుడ్డ మీద అలా చేస్తే రంగే పోతుంది, దానిపై ఒక ఆకో, పురుగో అతికేయడం మంచిది. సూదులను గట్టి మూత డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లంతో ఉంచండి.

వానల్లో బొంతకు ముక్కవాసన, నల్లచుక్కలు వస్తున్నాయి.

తడి ఆరకుండా మడవడం, ప్లాస్టిక్ సంచిలో పెట్టడం, గంజి మిగలడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగింది. ఇస్త్రీ ఆవిరి తడి కూడా పూర్తిగా పోయేదాకా ఫ్యాను కింద ఉంచండి. పాత నూలు చీరలో చుట్టి, గోడకు ఆనకుండా బీరువా మధ్య అరలో పెట్టండి. మడిచేకన్నా చుట్ట చుట్టడం మేలు. మడిస్తే నెలకోసారి మడత మార్చాలి. నాఫ్తలీను ఉండలు గుడ్డకు తగలనివ్వకండి. నల్లచుక్కలు వస్తే ముందు ఆరుబయట పొడిగా దులిపి, తర్వాతే ఉతకండి. తడిపాక రుద్దితే బూజు పోగుల్లోకి దిగుతుంది.

ఉతికితే ఎర్రమందారం రంగు తెల్లగుడ్డకు అంటుకుంది. ఇక పోయినట్టేనా?

ఆరనివ్వకపోతే చాలావరకు రక్షించుకోవచ్చు. ఆరితే, ముఖ్యంగా ఇస్త్రీ పడితే, మరక పట్టేస్తుంది. వెంటనే పెద్ద టబ్బునిండా చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లు పోసి, ద్రవపు డిటర్జెంటు కలిపి, బొంత పూర్తిగా మునిగేలా ఉంచండి. నీళ్లు ఎక్కువుంటేనే దిగిన రంగు పలచబడి నీళ్లలో ఉండిపోతుంది, తక్కువైతే తిరిగి గుడ్డలోకే పోతుంది. నాలుగైదు గంటల తర్వాత నీళ్లు మార్చండి. నీళ్లు తేటగా వచ్చేదాకా, అవసరమైతే రాత్రంతా, ఇలాగే చేయండి. పిండకుండా తువ్వాలులో చుట్టి తడి తీసి, నీడలో పక్కమంచం మీద పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు 24 అంగుళాలు 25 అవుతుంది.